అడగండి: నల్లా నీళ్ళూ నాలుగు వార్తలూ

మీ ఇంటికి నీళ్ళు ఎలా వస్తున్నాయి, వార్తలు ఎలా వస్తున్నాయి, కొత్త మెషీన్లూ ఫోన్లూ వచ్చాక ఇందులో ఏం మారింది? పోయిన సంచికలో పాఠకుల్ని ఇది అడిగాం. ఉత్తరాలూ వాయిస్ మెసేజ్‌లూ బాగానే వచ్చాయి. జవాబులు రాసే పని సంపాదకులు నాకు అప్పగించడానికి కారణం ఉంది. ఉద్యోగమంతా నీటి పరీక్షల లాబ్‌లో చేసి రిటైరైనదాన్ని. మా నాన్నేమో హైదరాబాద్‌లోనే ఒక తెలుగు దినపత్రికలో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. నీళ్ళ గురించీ వార్తల గురించీ వచ్చిన ఉత్తరాలు కలగలిసి ఉన్నాయి, అలాగే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మొన్న మా అపార్ట్‌మెంటుకి ఒకబ్బాయి వచ్చాడు. చేతిలో చిన్న పెట్టె, దానికి కడ్డీలు. మా నల్లా నీళ్ళు ఒక గ్లాసులో, తను తెచ్చిన ఆర్‌ఓ నీళ్ళు ఇంకో గ్లాసులో పోసి, కడ్డీలు ముంచి స్విచ్ వేశాడు. చూస్తుండగానే మా నీళ్ళు తుప్పు రంగుకి తిరిగాయి. అడుగున మడ్డి పేరుకుంది. అతని నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. అప్పట్నుంచి బిల్డింగంతా మెషీన్లు కొందామంటున్నారు. ఇన్నాళ్ళూ మా పిల్లలతో తాగించింది ఈ మురికేనా?
— ఒక గృహిణి, కుషాయిగూడ

జవాబు: కాదమ్మా. ఆ మురికి మీ నీళ్ళలో లేదు, దాన్ని తయారు చేసింది ఆ అబ్బాయి తెచ్చిన పెట్టె.

ఈసారి అతనొస్తే కడ్డీల్ని దగ్గర్నుంచి చూడండి. ఒకటి ఇనుముది, రెండోది అల్యూమినియంది. ఇనప కడ్డీ మీద సన్నటి గుంటలు పడి, గరుకుగా, అక్కడక్కడా నల్లగా ఉంటుంది. ఎన్ని అపార్ట్‌మెంట్లు తిరిగిందో అంతగా అరిగి ఉంటుంది. కరెంటు పోగానే ఆ ఇనుము కొద్దికొద్దిగా నీళ్ళలోకి దిగి, తుప్పుగా మారి కిందికి చేరుతుంది. మీరు చూసిన మడ్డి అదే. మరి అతని గ్లాసులో ఎందుకు రాలేదు? నీళ్ళలో కరిగిన లవణాలు ఉంటేనే కరెంటు సరిగా పారుతుంది. నల్లా నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లాంటివి సహజంగా ఉంటాయి. ఆర్‌ఓ నీళ్ళలో వాటిని దాదాపు మొత్తం తీసేస్తారు. కరెంటు పారదు కాబట్టి కడ్డీ కరగదు. అంతే సంగతి.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులోనే వేసి, ఇప్పుడు స్విచ్ వెయ్యమనండి. ఆ తేటనీళ్ళు మీ నీళ్ళకంటే ఘోరంగా తయారవుతాయి. మా మెట్ల దగ్గర ఒకసారి ఈ పని చేశాను. ఆ అబ్బాయి మొహం చూసి నాకే బాధేసింది. ట్రైనింగులో వాడికి చెప్పింది అదే, వాడూ నిజంగా నమ్మే అమ్ముతున్నాడు. పాపం, మంచినీళ్ళిచ్చి పంపాను. నల్లా నీళ్ళే ఇచ్చాను, తాగాడు.

అలాగని ఆర్‌ఓ పనికిరానిదని అనుకోకండి. 1959 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఉప్పును ఆపి నీటిని మాత్రం వదిలే పల్చటి పొరను తయారు చేశారు, ఆర్‌ఓ మెషీన్‌లో పనిచేసేది అలాంటి పొరే. సముద్రపు నీటిని తాగేలా చేయాలన్నది వాళ్ళ పట్టుదల. 1965లో కోలింగా అనే చిన్న ఊళ్ళో ఆ పద్ధతితోనే ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసి జనానికి ఇచ్చారు. తాగే దిక్కులేని ఊళ్ళకి అది ప్రాణం పోసిన యంత్రం. దాన్ని తెచ్చి మన నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళకి బిగించడం దగ్గరే నా పేచీ.

మన దేశ ప్రమాణాల ప్రకారం తాగేనీళ్ళలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకి 500 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 500లోపు ఉన్నచోట ఇళ్ళలో ఆర్‌ఓ వద్దని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మన నగరానికి వచ్చే శుద్ధి చేసిన నదినీళ్ళు మామూలుగా ఆ హద్దు లోపలే ఉంటాయి. పైగా ఇంట్లో వాడే ఆర్‌ఓ ఒక లీటరు మంచినీళ్ళివ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ట్యాంకర్‌కి డబ్బు కట్టి తెప్పించుకున్న నీళ్ళు కూడా ఆ సన్నటి పైపులోంచి సింకులోకే పోతాయి.

మీరు అడగాల్సిన మనిషి వేరే ఉన్నాడు, మీ వాచ్‌మన్. మీ సంపులోకి ఏయే నీళ్ళు పడుతున్నాయో అతనికే తెలుసు. నల్లా ఒక్కటేనా, బోరు కూడా కలుపుతున్నారా, వేసవిలో ట్యాంకర్ కూడానా? బోరు కలిస్తే లెక్క మారిపోతుంది. నగరంలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. సంపు నీళ్ళను ఒక్కసారి లాబ్‌లో పరీక్ష చేయించండి. 500లోపు వస్తే వెలుగుతో క్రిముల్ని చంపే యూవీ ఫిల్టర్ గానీ, కాచి చల్లార్చడం గానీ సరిపోతుంది. దాటి వస్తే అప్పుడు కొనండి, నేనే కొనమంటాను. ఆ వీడియో కింద ఈ ఉప్పు సంగతి కూడా పెట్టండి. ఎంతమంది చూస్తారో చెప్పలేను. తేట గ్లాసు వీడియో చూసినంతమంది మాత్రం చూడరు.

ప్రశ్న: అక్కా, నేను ఆన్‌లైన్ల టీడీఎస్ మీటర్ కొన్నా. మా నల్లా నీళ్ళల్ల పెడితే 140 చూపిస్తుంది. మస్తు తక్కువ కదా. ఇగ నీళ్ళు కాచుడు బంద్ చెయ్యొచ్చా? గ్యాస్ అన్న మిగుల్తది.
— ఆటో డ్రైవర్, బోరబండ

జవాబు: వద్దు తమ్ముడూ. జ్వరం చూసే థర్మామీటర్ పెట్టి బీపీ బాగుందని చెప్పుకున్నట్టు ఉంది మీ ధైర్యం. ఆ మీటరు నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందో కొలిచి, దాన్ని లవణాల లెక్కగా మార్చి చూపిస్తుంది. ఒక గ్లాసు డ్రైనేజీ నీళ్ళు బిందెలో కలిసినా ఆ అంకె చెప్పుకోదగినంత కదలదు.

మన దగ్గర నల్లా ఇరవైనాలుగ్గంటలూ రాదు. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వస్తుంది. నీళ్ళు ఆగిపోయాక పైపు ఖాళీ అవుతుంది. ఆ పైపు పక్కనే డ్రైనేజీ లైను ఉండి, రెంటికీ పగుళ్ళుంటే మురుగు లోపలికి ఇంకుతుంది. మళ్ళీ నీళ్ళు వదలగానే ముందు అదే వస్తుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో జరిగింది ఇలాంటిదే. కలుషితమైన తాగునీటి వల్ల వాంతులు, విరేచనాలతో వందల మంది ఆస్పత్రి పాలయ్యారు, పలువురు చనిపోయారు. అందుకే నల్లా రాగానే వచ్చే మొదటి నీళ్ళని తాగడానికి పట్టకండి. మొక్కలకి పోయండి, బండి కడగండి.

మీరు నిజంగా చూసుకోవాల్సింది క్లోరిన్. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ మీ నల్లా దాకా కొంచెమైనా మిగిలి ఉండాలి, లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా. బ్లీచింగ్ వాసన వస్తోందని జనం తిడతారు గానీ, ఆ కాస్త వాసన వస్తే నాకైతే ధైర్యం. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు తీసుకుని మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నప్పుడు పసుపు రంగు వస్తుంది. ఎంత చిక్కగా వస్తే అంత ఎక్కువ. నీళ్ళ తనిఖీకి వచ్చేవాళ్ళ చేతిలో ఈ డబ్బా ఉంటుంది, అడిగి మీ ముందే చేయించుకోండి.

క్రిముల సంగతి తేల్చే మరో చిన్న సీసా ఉంది. నేను ఎక్కువగా ఇష్టపడిన వస్తువు అది. మా లాబ్‌లో పాత పద్ధతిలో ఒక శాంపిల్‌లో మలక్రిములున్నాయని ఖాయంగా చెప్పాలంటే నాలుగు రోజులు పట్టేది. వరసగా గాజుగొట్టాలు, వాటిని పెట్టే వెచ్చటి పెట్టె, తర్వాత మళ్ళీ ఇంకో వరస. మేం రిపోర్టు మీద సంతకం పెట్టేసరికి ఆ బస్తీవాళ్ళు ఆ నీళ్ళు తాగేసి ఉండేవాళ్ళు. మా ఉద్యోగంలో నిజమైన బాధ అదే. 1982లో గ్వాలియర్‌లోని రక్షణశాఖ పరిశోధకులు హెచ్‌టూఎస్ పరీక్ష అనే సులువైన పద్ధతి రాశారు. సీసా లోపల మందు పట్టించి ఎండబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉన్నచోట ఒక రాత్రి, ఒక పగలు వదిలేయాలి. కాగితం, నీళ్ళు కాటుకలా నల్లబడితే ఆ నీళ్ళు తాగకూడదు. ఇంగ్లిషు రిపోర్టు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. బస్తీల్లో ఆడవాళ్ళకి ఆ సీసాలిచ్చి మర్నాడు వెళ్తే, నేను నోరు విప్పకముందే సీసా ఎత్తి చూపించేవాళ్ళు. వాడిన సీసాలో బ్లీచింగ్ వేసి పారబోయాలి, పిల్లలకి అందనివ్వకూడదు. సీసా నల్లబడలేదు కాబట్టి నూటికి నూరుపాళ్ళూ భేషని కూడా అనుకోకండి, ఎప్పుడైనా సరే అది ఆ ఒక్క రోజు నీళ్ళ సంగతే చెబుతుంది.

గ్యాస్ మాట. నీళ్ళు తెర్లి బుడగలు బాగా వచ్చాక ఒక్క నిమిషం చాలు. అరగంట మరిగించనక్కర్లేదు. మీకు మిగిలే గ్యాస్ అక్కడుంది.

ప్రశ్న: మా కాలనీ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "గండిపేటలో ఎవరో విషం కలిపారు, మూడు రోజులు నల్లా నీళ్ళు ముట్టుకోవద్దు, అందరికీ పంపండి" అని. మా అత్తగారు సంపు ఖాళీ చేయించారు. నీళ్ళన్నీ రోడ్డు పాలు. ఇలాంటివి నిజమో కాదో తెలుసుకునేదెలా?
— ప్రైవేటు ఉద్యోగిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మీకు వచ్చేది కృష్ణా నీళ్ళు. గండిపేటకి ఏమైనా అయిందే అనుకుందాం, మీ అత్తగారి సంపుకీ దానికీ సంబంధం ఏముంది?

1908లో మూసీ వరద నగరాన్ని ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో గండిపేట చెరువు కట్టారు. 1920కి అది పూర్తయింది, 1927కి హిమాయత్‌సాగర్. మా చిన్నప్పుడు ఊరంటే గండిపేట నీళ్ళే. తర్వాత మంజీరా వచ్చింది, సింగూరు వచ్చింది, 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. నూరు కిలోమీటర్లు దాటి, ఎత్తుకి తోడి తెస్తున్న నీళ్ళివి. ఇప్పుడు నగరం తాగేదాంట్లో ఎక్కువ భాగం వీటిదే. అయినా పుకారు పుట్టించేవాడికి గండిపేట పేరే గుర్తొస్తుంది, ఎందుకంటే అందరికీ తెలిసిన పేరు అదొక్కటే. మీ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మీ లైన్‌మన్‌ని అడిగి తెలుసుకోండి. ఇలాంటి మెసేజ్‌లు సగం అక్కడే రాలిపోతాయి.

రెండో సంగతి, ఆ వాయిస్‌లో తేదీ ఉందా? "ఇవాళ", "రేపట్నుంచి" అనడమే గానీ తేదీ ఉండదు. అందుకే ఒకే మెసేజ్ ఏడాదికోసారి లేచొస్తుంది. నగరానికి నీళ్ళిచ్చే జలమండలి నిజంగా సరఫరా ఆపేటప్పుడు ఫలానా తేదీ ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా, ఫలానా పైపులైను మరమ్మతు, ఫలానా ప్రాంతాలు అని పేర్లు వరసగా ఇస్తుంది. చదవడానికి విసుగ్గా ఉంటుంది. నిజమైన నీళ్ళ వార్త ఎప్పుడూ అంతే విసుగ్గా ఉంటుంది. అనుమానమొస్తే 155313కి ఫోన్ చేయండి.

మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2018లో మన దేశంలో వాట్సాప్ ఒక మెసేజ్‌ని ఒకసారికి అయిదు చాట్లకే పంపేలా హద్దు పెట్టింది, ఊరికే పెట్టలేదు. ఆ ఏడాది మేలో, పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా తిరుగుతోందన్న పుకారు ఫోన్లలో చుట్టబెట్టి, చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. మీ అత్తగారికి పోయింది సంపు నీళ్ళే. ఆవిణ్ణి కోప్పడకండి. పిల్లల మీద భయంతో చేసిన పని. ఈసారి మెసేజ్ వస్తే ముందు మీకు వినిపించమని మాత్రం చెప్పి ఉంచండి.

ప్రశ్న: అమ్మా, నాకు ఎనభై దాటాయి. పొద్దున్నే రేడియోలో వార్తలు, తర్వాత పేపరు, ఇదీ నా జీవితం. మనవళ్ళు ఫోన్లో క్షణానికొక వార్త చూస్తూ నన్ను చూసి నవ్వుతారు. నిజం చెప్పండి, ఈ ఫోన్ల వల్ల మనకు ఒరిగిందేమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయులు, రామ్‌నగర్

జవాబు: మాస్టారూ, మీ పక్షాన మాట్లాడాలనే ఉంది గానీ పూర్తిగా మాట్లాడలేను.

1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టినప్పుడు అది వారానికి రెండుసార్లే వచ్చేది. అదే మన తెలుగువాళ్ళకి కొండంత అండ. 1935లో మొదలైన నిజాం రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ట్రాన్సిస్టర్ వచ్చాక కరెంటు లేని ఇంట్లో కూడా వార్తలు వినపడ్డాయి. నన్నడిగితే వార్తల విషయంలో అసలు విప్లవం ఫోన్ కాదు, ఆ నాలుగు సెల్లుల పెట్టె. అక్షరం రానివాళ్ళకి కూడా పక్కవాళ్ళ దయ లేకుండా వార్త చేరింది దాంతోనే. 1974లో మొదలైన ఈనాడు పేపరుని తెల్లవారకముందే గుమ్మంలో పడేసింది. అంతకుముందు చాలా ఊళ్ళకి నిన్నటి పేపరు ఇవాళ మధ్యాహ్నం వచ్చేది.

ఇక మా ఇంటి సంగతి. నాన్న రాత్రి డ్యూటీ. సీసం అక్షరాలు స్టిక్కులో పేర్చేవారు. తెలుగు అక్షరాలు ఉంచే అరల పెట్టె, అదే కేసంటే మాటలా, గుణింతాలు, ఒత్తులు కలిపి గళ్ళే గళ్ళు. వేలి చివర ఎప్పుడూ బూడిద రంగు. నీటి సరఫరా బంద్ అనే ప్రకటన రాత్రి పొద్దుపోయాక వచ్చేది. పేజీలో ఎక్కడ రెండంగుళాలు ఖాళీ ఉంటే అక్కడ ఇరికించేవారు. నాన్న ఇంటికి రాగానే అమ్మని లేపి "రేపు నీళ్ళు రావు" అనేవారు. అమ్మ పక్కింటి తలుపు కొట్టేది. వాడకట్టంతా పేపరు రాకముందే బిందెలు నింపుకునేది. వెనక గల్లీలో ఎవరికీ కంపోజిటర్ మొగుడు లేడు. వాళ్ళకి పొద్దున నల్లా విప్పితే గానీ తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ కబురు మెసేజ్‌గా అందరికీ ఒకేసారి వస్తుంది. ఒరిగింది అది మాస్టారూ, చిన్నది కాదు. కానీ వెనక గల్లీ మాత్రం ఇంకా ఉంది. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. బస్తీలు తప్ప మిగతా చోట్ల మీటరుండాలి, నల్లా కనెక్షన్‌కి ఆధార్ జతచేయాలి, దానికి గడువు. గడువు పెంచారు, మళ్ళీ పెంచారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ వాళ్ళ ఇంటి ఓనరుకి ఈ సంగతి చాలా రోజులు తెలియనే లేదు. చేతిలో ఫోనుంది, అందులో సినిమా పాటలున్నాయి, ఈ వార్త లేదు. క్షణానికొక వార్త చూసే మీ మనవళ్ళని, మీ ఇంటి నల్లాకి క్యాన్ నంబరు, అంటే నీళ్ళ కనెక్షన్ ఖాతా నంబరు, ఎంతో అడిగి చూడండి.

మీ రేడియో మానకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దళిత మహిళా రైతులు తమ యాసలో తామే మైకు పట్టుకుని నడిపే రేడియో. పాతిక కిలోమీటర్ల లోపలే వినపడుతుంది. ఆ పాతిక కిలోమీటర్లలో విత్తనం గురించీ వాన గురించీ దాన్ని మించిన వార్తాసంస్థ ఉందంటే నేను నమ్మను.

ప్రశ్న: రాగి చెంబులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగితే ఫిల్టర్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: రాత్రంతా ఉంచితే రాగి కొన్ని రకాల క్రిముల్ని చంపుతుంది, పరిశోధనల్లో తేలిన విషయమే. ఉప్పుని, ఫ్లోరైడ్‌ని ఏమీ చేయలేదు. లోపల చింతపండుతో తోమి బాగా కడగండి, అందులో నిమ్మరసం మాత్రం పోయకండి.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటాను. కానీ తెలుగు ఈ-పేపర్ తెరిస్తే ఫోన్ మౌనంగా ఉండిపోతుంది. మా ఏరియాలో నీళ్ళు రావన్న నోటీసు గ్రూపులో వచ్చినా "ఫోటో" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ఎవరో ఒకరు వచ్చి చదివితే గానీ తెలియడం లేదు.
— బ్యాంకు ఉద్యోగి, మలక్‌పేట

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది మీదే.

ఈ-పేపర్ అంటే చాలావరకు అచ్చయిన పేజీకి బొమ్మ. అందులో అక్షరాలు మనకి కనిపిస్తాయి, ఫోన్‌కి మాత్రం అది రంగు చుక్కల కాగితం. అదే పత్రిక వెబ్‌సైట్‌లో ఆ వార్తనే అక్షరాలుగా పెడితే ఫోన్ చదువుతుంది. కాబట్టి ఈ-పేపర్ వదిలేసి అదే పత్రిక వెబ్‌సైట్ గానీ యాప్ గానీ వాడండి. ఒకప్పుడు ఇదీ కుదిరేది కాదు. ఏ కంప్యూటర్‌కైనా అక్షరాలు ఒకేలా అర్థమయ్యేలా చేసిన ఉమ్మడి పద్ధతి యూనికోడ్. తెలుగు అందులోకి 1991లోనే చేరినా, మన పత్రికలు చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్ళు వాడారు. ఒకరి వార్త ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. వెతికినా దొరికేది కాదు, కాపీ చేసినా పనికొచ్చేది కాదు. అందరూ యూనికోడ్‌కి మారాకే మీ ఫోన్‌కి తెలుగు చదివే వీలు కలిగింది. మా నాన్న చేతిలో సీసపు ముక్కలు పోయి కంప్యూటర్ వచ్చిందని పత్రికలు పండగ చేసుకున్నాయి. చూపులేనివాళ్ళకి మేలు జరిగింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఎవరూ పండగ చేసుకోని ఈ మార్పు వల్ల.

ఫోటోగా వచ్చిన నోటీసుకి తాత్కాలికంగా ఒక దారి ఉంది. ఆ బొమ్మని గూగుల్ లెన్స్‌లో తెరిస్తే అందులోని తెలుగు అక్షరాల్ని గుర్తుపట్టి చదువుతుంది. అచ్చు శుభ్రంగా ఉంటే ఫర్వాలేదు. రంగురంగుల పోస్టరు మీద నాయకుల ఫోటోల మధ్య ఇరికించిన అక్షరాలైతే తికమకపడుతుంది.

కానీ ఈ భారం మీ మీద ఎందుకుండాలి? నోటీసు తయారు చేసేవాళ్ళు బొమ్మతోపాటు అవే నాలుగు వాక్యాలు కింద టైపు చేసి పెడితే సరిపోతుంది. అర నిమిషం పని. ఆఫీసుల్లో, కాలనీ సంఘాల్లో గ్రూపులు నడిపేవాళ్ళు ఈ శీర్షిక చదువుతుంటే, దయచేసి ఇవాళే మొదలుపెట్టండి. మీరు కూడా మీ గ్రూపులో ఈ మాట గట్టిగా అడగండి సార్. చూపున్నా చిన్న అక్షరాలు కనపడని మా వయసువాళ్ళం మీ వెనకే ఉంటాం.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ, ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నాం. ఊళ్ళో అమ్మ ఇంకా అప్పుడప్పుడూ బోరు నీళ్ళే కాచి తాగుతుంది. కాస్తే ఫ్లోరైడ్ పోతుందని ఆమె నమ్మకం.
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: పోదమ్మా, పెరుగుతుంది. కాచినప్పుడు నీళ్ళు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. మిగిలిన నీళ్ళలో మరింత చిక్కనవుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకీ ఎముకలకీ ముప్పే. ఈ జబ్బు గురించి మన తెలుగునేల మీద, నెల్లూరు జిల్లాలో, 1937లోనే వైద్యులు రాసి పెట్టారు. తెలిసిన తర్వాత కూడా ఎన్ని తరాల వెన్నెముకలు వంగాయో మీ ఊరివాళ్ళకి నేను చెప్పాలా?

నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పేరే పెట్టారు. బకెట్‌లో కూడా చేయొచ్చు. కానీ ఏ బోరుకి ఎంత పటిక వేయాలో పరీక్ష చేసి చెప్పాలి, రోజూ కలపాలి, అడుగున చేరిన బురదని జాగ్రత్తగా పారబోయాలి. నిజం చెప్పాలంటే రోజూ కూలికి వెళ్ళే మనిషి చేయగల పని కాదది. నదినీళ్ళు పైపుల్లో వచ్చాకే ఆ ఊళ్ళకి అసలైన ఊరట. అమ్మని తాగడానికీ వంటకీ కూడా ఆ నదినీళ్ళే, అంటే మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్ళే వాడమనండి. బోరు నీళ్ళు గిన్నెలు కడగడానికి, బట్టలకి. నల్లా రాని రోజు కోసం రెండు బిందెలు పట్టి మూత పెట్టి ఉంచుకోమనండి.

ప్రశ్న: ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు తెప్పించుకుంటున్నాం. మంచివేనా?
— బ్యాచిలర్లు, అమీర్‌పేట

జవాబు: సీలు, ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ ఉన్నాయా చూడండి. గల్లీ చివర ప్లాంటులో పైపు పెట్టి నింపిచ్చే క్యానుకి ఇవేవీ ఉండవు. ఆ నీళ్ళలో క్లోరిన్ కూడా ఉండదు కాబట్టి క్యాను లోపల పాచి ఉంటే క్రిములు హాయిగా పెరుగుతాయి. క్యానుని వెలుతురుకి ఎత్తి లోపల వేలు పెట్టి రుద్ది చూడండి. జారుడుగా తగిలితే తిప్పి పంపేయండి. హాస్టల్లో ఉండేవాళ్ళకి ఇంతకంటే సుఖమైన ఉపాయం లేదు, మీ నల్లా నీళ్ళే కాచుకుంటారని నేను నమ్మను.

ప్రశ్న: వానకి రోడ్డు మీది నీళ్ళు మా సంపులోకి వచ్చేశాయి. తోడించి కడిగించాం. తర్వాత బ్లీచింగ్ ఎంత వేయాలి? ఒకరు గుప్పెడంటారు, ఒకరు కిలో అంటారు.
— ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: గుప్పెడూ వద్దు, కిలో అసలే వద్దు. ముందు సంపు గోడల్ని బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో రుద్ది కడిగించి, ఆ నీళ్ళు బయటికి తోడెయ్యండి. దిగే మనిషిని ఒంటరిగా దించకండి. మూత తీసి గాలి ఆడనిచ్చాకే దించండి, పైన ఇంకొకరు నిలబడి ఉండాలి. తర్వాత శుభ్రమైన నీళ్ళు నింపి, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్ తూచి తీసుకోండి. మీది అయిదు వేల లీటర్ల సంపైతే పన్నెండున్నర గ్రాములు. దాన్ని నేరుగా సంపులో చల్లకండి. ఒక బకెట్‌లో కొద్ది నీళ్ళతో మెత్తగా కలిపి, ఇంకొన్ని నీళ్ళు పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే సంపులో పోయండి. గంటసేపు మోటారు వేయకండి. పౌడర్ పాతదై, సంచి తెరిచినా ఘాటు తగలకపోతే అందులో సత్తువ లేనట్టే, కొత్తది తెప్పించండి. సంపు మూత చుట్టూ నాలుగంగుళాల సిమెంటు గట్టు కట్టించండి. మేస్త్రీకి ఒక పూట పని, వచ్చే వానకి ఈ ఉత్తరం రాసే అవసరం ఉండదు.